వాళ్ళ బీరుకు గడియారం, మన తండాకు జీపు



పోయిన నెల నేనొక యాప్ తయారు చేసినాను. ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళ కోసం టైమరు. చదవగానే కొందరు నవ్వుతారు, ఇంకొందరికి కోపం వస్తుంది. "తండా పిల్లోడు డిగ్రీ చదివి కడాకు బీరు యాపు చేసినాడా" అంటారు. అనండి. పూర్తిగా చదివినాక అనండి.

యాప్ అడిగినాయన మన ప్రొద్దుటూరు మనిషే. అమెరికాలో అకౌంట్స్ ఉద్యోగం. శనివారం పూట గ్యారేజీలో బీరు కాచుకోవడం ఆయనకు సరదా. ఫోన్లో మామూలు టైమరు పెడితే ఒక గంట అయిపోగానే మళ్ళీ ఇంకొకటి పెట్టాలి, మధ్యలో మర్చిపోతున్నాడు. అన్ని దశలూ ఒకేచోట వరసగా పెట్టి, ఒకటి కాగానే ఇంకొకటి గుర్తు చేసే యాప్ కావాలన్నాడు. తెలిసినవాళ్ళ ద్వారా నా దగ్గరికి వచ్చింది. డబ్బులు అవసరం, ఒప్పుకున్నాను.

ముందు బీరు ఎట్లా అవుతుందో నేర్చుకున్నాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పలుకులుగా విసరాలి. మన ఇండ్లల్లో రాగి మాల్టు చేస్తారు గదా, మొదటి పని అదే. ఆ పలుకుల్ని 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్ళల్లో ఒక గంట నానబెడితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యనీళ్ళు వడకట్టి ఇంకో గంట మరగబెట్టాలి. మరిగేటప్పుడు హాప్స్ అనే పూలు వేస్తారు. మొదట్లో వేస్తే చేదు వస్తుంది, ఆఖరి పదిహేను నిమిషాల్లో వేస్తే రుచి, దించేముందు వేస్తే వాసన. తర్వాత గబగబా చల్లార్చి ఈస్టు కలిపి, ఒకటి రెండు వారాలు కదల్చకుండా పెట్టాలి. సీసాల్లోకి పోసినాక ఇంకో రెండు వారాలు. ఇంతే.

యాప్ కూడా పెద్ద కష్టం కాదు. దశల జాబితా ఒకటి. ఒక్కో దశకు పేరు, ఎన్ని నిమిషాలు, అయిపోయినాక తనంతట తాను ముందుకు పోవాలా, మనిషి వచ్చి "అయింది" అని నొక్కేదాకా ఆగాలా, ఈ మూడు వివరాలు. నీళ్ళు వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో యాప్‌కు తెలియదు, కాబట్టి అక్కడ ఆగాలి. హాప్స్ వేసే లెక్క మాత్రం మరగడం ఎప్పుడు ఆపుతామో ఆ చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

మొదట్లో నేనొక తప్పు చేసినాను. సెకను సెకనుకూ ఒక అంకె తగ్గిస్తూ పోయేటట్టు రాసినాను. తెర ఆరిపోగానే ఫోను ఆ లెక్కను ఆపేసింది. గంట కావాల్సింది డెబ్బై నిమిషాలు దాటింది. తర్వాత మార్చినాను. మొదలైన సమయం, ముగియాల్సిన సమయం రెండూ రాసి పెట్టుకుని, ఫోను తెరిచినప్పుడల్లా ఇప్పటి గంటతో పోల్చి చూసుకోవాలి. అప్పుడు ఫోను నిద్రపోయినా లెక్క తప్పదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కిందికి పోయినాక మళ్ళీ పనికొస్తుంది.

యాప్ ఇచ్చేసిన వారానికి పులివెందుల దగ్గర మా తండాకు పోయినాను. నాకు పిన్నమ్మ వరస అయ్యే ఒకామె ఇంటి ముందు కుండల పెంకులు పడున్నాయి. నేలంతా బెల్లం ఊట వాసన. తెల్లారేసరికి జీపు వచ్చిందంట. ఉన్న ఊట పారబోసి, కుండలు పగలగొట్టి, ఆమెను ఎక్కించుకుని పోయినారు. ఆమె కూతురు ఆ రోజు పరీక్షకు పోలేదు.

బెల్లం నీళ్ళు, తుమ్మ చెక్క, కుండ. పులియడానికి ఎన్ని రోజులు పట్టాలి, బుడగలు ఎప్పుడు తగ్గుతాయి, వాసన ఎప్పుడు మారుతుంది, ఇవన్నీ మా అవ్వకు తెలుసు. కుండకు చెవి ఆనించి విని చెప్పేది. ఆ అమెరికా మనిషికి నేను రాసిచ్చిన దశలు మా అవ్వకు ఏ యాపూ లేకుండానే వచ్చు. ఆయన పనిని హాబీ అంటారు, వీడియోలు తీసి పెట్టుకుంటాడు. మా అవ్వ పనికి సెక్షన్ ఉంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే అవతలోడు చెబుతాడు. బీరు పులియబెట్టడంతో ఆగిపోతుంది. సారా అట్లా కాదు, ఊటను బట్టీ మీద పెట్టి ఆవిరి పట్టాలి. అట్లా కాచింది ఘాటు, ప్రమాదం ఎక్కువ. తొందరగా పులియాలని యూరియా వంటివి కలిపేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో కూడా ఇంట్లో బీరు కాచుకోవచ్చు గానీ ఇంట్లో బట్టీ పెట్టకూడదు. కాబట్టి "బీరూ సారా ఒకటే, మమ్మల్ని వదిలేయండి" అని నేను అనడం లేదు. నేను అడిగేది వేరే. చట్టం ఒకరిని చూసి నేర్పిస్తుంది, ఇంకొకరిని చూసి కొడుతుంది. ఎందుకు?

అమెరికా సంగతి చూడండి. ఇంట్లో బీరు కాయడం అక్కడ కూడా చాలా ఏళ్ళు నేరమే. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో 1979 ఫిబ్రవరి నుంచి దేశం మొత్తానికి అనుమతి వచ్చింది. ఒక పెద్ద మనిషి ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు, పన్ను లేకుండా. అమ్మకూడదు, అంతే. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు, కడాకు అవీ ఒప్పుకున్నాయి. ఇంగ్లండులో 1963లోనే లైసెన్సు తీసేసినారు. అంటే ఆ దేశాల్లో జనం అడిగినారు, ప్రభుత్వం ఇంటి వాడకాన్నీ వ్యాపారాన్నీ వేరు చేసి చూసింది.

మన దగ్గర? 1968 ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా ఏ మత్తు పానీయం తయారు చేసినా నేరమే. సారాకైతే 1995 మద్యనిషేధ చట్టంలో 7-ఎ, 8(ఇ) అని వేరే సెక్షన్లు ఉన్నాయి. మన తండాల్లో చదువు రానోళ్ళకు కూడా ఈ రెండు నెంబర్లు నోటికి వచ్చు. ప్రొద్దుటూరులో ఎవరైనా ఉద్యోగస్తుడు ఆన్‌లైన్లో సామాను తెప్పించుకుని ఇంట్లో బీరు కాస్తే అదీ నేరమే. కానీ ఆ ఇంటి ముందు తెల్లారుజామున జీపు ఆగడం మీరు ఎప్పుడన్నా చూసినారా? నేను చూడలేదు. హైదరాబాదులో 2015 నుంచి మైక్రోబ్రూవరీలకు లైసెన్సులు ఇస్తున్నారు. అద్దాల వెనుక పెద్ద పెద్ద రాగి తొట్లలో అదే పులియబెట్టే పని జరుగుతుంటే జనం ఫొటోలు దిగుతారు.

ఈ తేడా నిన్నా మొన్నా పుట్టింది కాదు. మొదలైన సమయం రాసి పెట్టుకోవాలని చెప్పినాను గదా. మన లెక్క యాడ మొదలైందో చూద్దాం.

1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. అప్పుడు కడప మద్రాసు రాజ్యంలోనే ఉండేది. ఇండ్లల్లో, పల్లెల్లో కాచుకునేదాన్ని ఆపి, కాయడం అమ్మడం అంతా సర్కారు చెప్పుచేతల్లోకి, కాంట్రాక్టర్ల చేతికి పోయే పద్ధతి గట్టిపడింది. జనం ఆరోగ్యం గురించిన చట్టం కాదది, ఖజానా చట్టం. తాగడం తప్పని ఎవరూ అనలేదు. సర్కారుకు డబ్బు కట్టకుండా తాగడం తప్పన్నారు.

1871లో నేరస్థ తెగల చట్టం. 1911 తర్వాత దాన్ని మద్రాసు రాజ్యంలో గట్టిగా అమలు చేసినారు. మన ఎరుకల అన్నల తాత ముత్తాతలను పుట్టుకతోనే దొంగలన్నారు. ఉప్పు మోసి, బుట్టలల్లి బతికినోళ్ళు వాళ్ళు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పినారు. ఎద్దుల మీద సరుకు మోసి దేశమంతా తిరిగిన మన సుగాలీల బతుకు రైళ్ళు, రోడ్లు వచ్చినాక పడిపోయింది. తిరిగేవాడంటే అనుమానం, అనుమానమంటే కేసు.

1938లో మద్యనిషేధం కడపకు వచ్చింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో మొదలుపెట్టి మరుసటి ఏడాది చిత్తూరుకూ కడపకూ తెచ్చింది. దేశంలో మొట్టమొదట నిషేధం చూసిన జిల్లాల్లో మనదొకటి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో మనకు ఎవరు చెప్పినారు?

1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం పోయింది, విముక్త జాతులు అన్నారు. దాని జాగాలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినాయి. మన రాష్ట్రానికి 1962లో వచ్చింది. పేరు మారింది, రిజిస్టరు మారింది, కానీ అనుమానం పాతదే. 2024 అక్టోబరు 3న జైళ్ళల్లో కుల వివక్ష మీద సుకన్య శాంత కేసులో తీర్పు చెబుతూ, విముక్త జాతుల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. చట్టం పోయి 72 ఏళ్ళయినాక కూడా ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే మన లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. తెర ఆరిపోయింది, అంతే.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకుందాం. తమ్ముళ్ళూ, నాటు సారాను మన సంస్కృతి అని నెత్తిన పెట్టుకోకండి. పండుగకు, పెండ్లికి, దేవర ముందు ఒక గుక్క పోసుకోవడం మన ఆచారం కావచ్చు. నల్లబెల్లం బస్తాలకు బస్తాలు దించి రోజూ ట్యూబుల్లో నింపి పంపడం ఆచారం కాదు, అది ఎవరి వ్యాపారానికో మనం చేసే కూలి. ఆ బెల్లం బస్తా తండాలో పండదు. పట్నంలో ఎవరో అమ్ముతారు, ఎవరో అప్పు పెడతారు, ఎవరో బండి తోలిస్తారు. కుండ పగిలేది మన ఇంటి ముందు. కేసు పడేది మన అమ్మల మీద. బెల్లం సేటు పేరు ఎఫ్ఐఆర్‌లో ఎన్నిసార్లు చూసినారు?

ఆడవాళ్ళ మాట కూడా వినాలి. 1991, 92ల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ లాంటి ఆడవాళ్ళు చీపుర్లు పట్టి సారా దుకాణాలు మూయించినారు. వాళ్ళు మూయించింది సర్కారు సారానే. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో పాకెట్లలో సారా అమ్మింది. ఆ పోరాటంతోనే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చినాయి. రెండేళ్ళకే 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేసినారు, ఖజానాకు నష్టమని. సారా మీద నిషేధం మాత్రం మిగిలింది. అంటే ఏంది? పెద్ద కంపెనీ సీసాకు దారి తెరిచినారు, కుండకు మూసినారు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు మళ్ళీ తెరిచి క్వార్టరు 99 రూపాయలకే ఇస్తామన్నారు. తాగుడు మీద ప్రేమ లేని ప్రభుత్వాన్ని నేను చూడలేదు. దానికి కోపం ఉంటే లైసెన్సు లేని పేదోడి మీదనే.

మా తండాలో కూడా తాగి చచ్చినోళ్ళు ఉన్నారు. వాళ్ళ పెండ్లాలు ఉన్నారు. ఆ అక్కల ముందు నిలబడి నేను సారాను పొగడలేను. కానీ ఆ అక్కల్లోనే కొందరు మొగుడు పోయినాక బతకడానికి ఇంకో దారి లేక అదే కుండ పెట్టుకున్నారు. వానలు లేవు, బోరు ఎండిపోయింది, చీనీ తోటల్లో కూలి కొన్ని నెలలే. వాళ్ళను నేరస్థులని ఎట్లా అంటాం?

ఇంకొక తేడా. అల్లూరి జిల్లా లాంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ఉంది. మత్తు పానీయాల అమ్మకం, వాడకం మీద నిషేధం పెట్టే అధికారం, నియంత్రించే అధికారం అది గ్రామసభకు ఇచ్చింది. 1970ల మధ్యలోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది, ఆదివాసీ ప్రాంతాల్లో వ్యాపార సారా ఆపండి, ఇంటి కోసం సంప్రదాయంగా కాచుకునేదాన్ని వేరుగా చూడండి అని. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్ అని పేరు పెట్టి, కాచే హక్కు ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకు ఇచ్చింది. కడప జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కాదు. పులివెందుల దగ్గరి సుగాలీకి, జమ్మలమడుగులో పెన్న ఒడ్డున ఉండే యానాదికి, ప్రొద్దుటూరు శివార్లలో ఎరుకల ఇంటికి పెసా లేదు, గ్రామసభ మాట లేదు. మైదానంలో ఉన్న ఆదివాసీకి కుల ధ్రువీకరణ పత్రం ఉంది, చేతిలో అధికారం లేదు.

సరే, కోపం చెప్పుకున్నాం. ఇప్పుడు పని.

పిన్నమ్మను తీసుకుపోయింది తెల్లారకముందు. కాగితంలో చూస్తే అరెస్టు సమయం మరుసటి రోజు. ఆ మధ్యలో ఆమె ఎక్కడుంది? ఎవరి దగ్గరా రాత లేదు. నేను తలుపు మెట్టు మీద కూర్చుని ఆలోచిస్తా ఉంటే అనిపించింది, బీరు కోసం రాసిన యాప్ ఇదే పనికి సరిపోతుంది గదా. దశలు మార్చాలి, అంతే. ఆ రాత్రే మొదలుపెట్టినాను.

దాంట్లో ఏముందో చెబుతా. యాప్ లేకపోయినా కాగితం మీద రాసుకోండి, గోడ మీద రాసుకోండి.

మొదటి దశ: జీపు వచ్చిన నిమిషం. ఆ సమయాన్ని మొదలు అని నొక్కాలి. కాగితం మీద రాసే సమయాన్ని నమ్మొద్దు. ఇంటి ముందు ఒక ఫొటో తీయండి, బండి నెంబరు పడేటట్టు. ఫోను దానంతట అదే సమయం వేస్తుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకుని ఉండాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో 43(5) సెక్షన్ ఇది. మొదలు నొక్కిన సమయం తెల్లారకముందు అయితే యాప్ ఎర్రరంగులో ఈ మాట చూపిస్తుంది.

రెండో దశ: కారణం. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, అది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు. ఇంట్లోవాళ్ళకో, ఆమె పేరు చెప్పిన మనిషికో కబురు చేయాలి. ఇక్కడ యాప్ ఆగుతుంది. చెప్పినారా లేదా అని మీరు నొక్కేదాకా ముందుకు పోదు. చెప్పకపోతే "లేదు" అని నొక్కండి. ఆ "లేదు" రేపు వకీలు చేతికి పనికొచ్చే ముక్క.

మూడో దశ: 24 గంటలు. ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, 24 గంటల్లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఆదివారమని, పండుగని సాకు లేదు. యాప్‌లో ఇదే పెద్ద గడియారం. పన్నెండు గంటలప్పుడు ఒకసారి, ఇరవై గంటలప్పుడు ఇంకోసారి గంట కొడుతుంది. ఎవరికి ఫోను చేయాలో ముందే రాసి పెట్టుకోండి.

నాలుగో దశ: ఎఫ్ఐఆర్. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులు కాకపోతే, మామూలుగా 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత ఊట, ఎన్ని లీటర్లు, ఎవరి పేర్లు రాసినారో చూడండి. కుండలో పది లీటర్లుంటే కాగితంలో రెండొందలు ఉండొచ్చు. అందుకే పారబోసే ముందు ఫొటో ఉండాలి.

ఐదో దశ: వకీలు. ఎస్టీ అయితే, మహిళ అయితే, ఆదాయం ఎంత ఉన్నా ఉచిత న్యాయసహాయం హక్కు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్. 15100 కు ఫోను చేయొచ్చు. "మన దగ్గర డబ్బులు లేవు, ఏం చేస్తాం" అనే మాట ఇంక ఎవరూ అనొద్దు.

ఆరో దశ: 60 రోజులు. పదేళ్ళకు తక్కువ శిక్ష ఉన్న కేసుల్లో, మొదటి రిమాండు రోజు నుంచి 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడిగితేనే వస్తుంది. చార్జిషీటు పడకముందే దరఖాస్తు పెట్టాలి. ఒక్కరోజు ఆలస్యమైనా చేజారిపోవచ్చు. 55వ రోజు యాప్ గంట కొడుతుంది, 60 దాకా రోజూ కొడుతుంది. జైల్లో ఉన్న మనిషికి ఎన్నో రోజో లెక్కపెట్టేవాళ్ళు ఉంటారా? మనమే పెట్టాలి.

ఇంకొక చిన్న జాబితా బైండోవర్ కోసం పెట్టినాను. తహసీల్దారు ముందు నిలబెట్టి పూచీకత్తు రాయించుకుంటారు గదా, దానికి ముందు నీ మీద ఏ సమాచారం ఉందో రాతపూర్వకంగా ఇవ్వాలి. చదవకుండా వేలిముద్ర వేయొద్దు. వేసినామంటే రేపు ఏ చిన్న కేసు పడినా ఆ పూచీకత్తు డబ్బు మన మెడకు చుట్టుకుంటుంది.

ఎవరైనా కావాలని అబద్ధపు కేసు పెట్టించినారని రుజువులు ఉంటే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(పి) ఉంది. ప్రతి కేసుకూ దాన్ని వాడొద్దు, బలం పోతుంది. రుజువు ఉన్నచోట వదలొద్దు.

కొందరు అంటారు, "ఇదంతా సారా కాచేవాళ్ళను కాపాడటానికే గదా" అని. కాదు. చట్టం తాను రాసుకున్న గంటలు తానే పాటించాలని అడగడం నేరాన్ని కాపాడటం అవుతుందా? పెద్దోడిని పట్టుకున్నప్పుడు పది మంది వకీళ్ళు ఇదే లెక్క నిమిషం నిమిషం పెడతారు. మన పిన్నమ్మకు ఒక ఫోను పెడితే మాత్రం తప్పు వస్తుందా?

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి. తండా పేరు మీద, కులం పేరు మీద మొత్తం ఊరిని చుట్టుముట్టే దాడులు ఆపండి. అనుమానం ఉంటే ఇల్లు చెప్పండి, నోటీసు ఇవ్వండి. బెల్లం యాడ నుంచి వచ్చిందో ప్రతి కేసులోనూ తేల్చండి, పైనున్న అప్పుల వ్యాపారిని వదిలేసి కుండ పెట్టినామెను పట్టుకోవడం మానండి. నవోదయం అని పేరు పెట్టి సారా మానిపిస్తామంటున్నారు. మంచిదే. మానినోళ్ళకు ఏం ఇస్తారు? సభలో ప్రతిజ్ఞ చేయించి, ఫొటో తీసి, పోతే కడుపు నిండదు. గేదె ఇస్తారా, మేకలు ఇస్తారా, బోరు వేస్తారా, పిల్లకు హాస్టలు సీటు ఇస్తారా? తండా వారీగా రాసి గోడకు అంటించండి. కడప లాంటి మైదాన జిల్లాల ఆదివాసీలకు గ్రామసభ అధికారం ఎట్లా తెస్తారో చెప్పండి. ఇంటి ఆచారానికి, వ్యాపారానికి మధ్య గీత ఎక్కడో మా ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగి గీయండి.

చివరగా చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. మీరు నేర్చుకున్న ప్రతి పనీ రెండుసార్లు చేయండి. ఒకసారి డబ్బులకు, ఇంకోసారి మనోళ్ళకు. బీరు యాప్‌కు నాకు వచ్చిన డబ్బుతో ఇంటి అప్పు కొంచెం తీరింది, సిగ్గు ఏమీ లేదు. అదే కోడు, ఇరవై మార్పులు, మన తండాకు వచ్చింది. బీకాం చదివినోళ్ళు స్వయం సహాయక సంఘాల పుస్తకాలు చూడండి. నర్సింగ్ చదివే చెల్లెళ్ళు తాగుడు మానాలనుకునేవాళ్ళను ఆస్పత్రికి తీసుకుపోండి. లా చదివేవాళ్ళు ఈ ఆరు దశలను చూసి, నేను తప్పు రాసి ఉంటే దిద్దండి.

ఒక పని ఇంకా మిగిలింది. యాప్‌లో మాటలన్నీ తెలుగులో ఉన్నాయి. మా అవ్వకు గోర్‌బోలీ తప్ప తెలుగు చదవడం రాదు. గంట కొట్టినప్పుడు మన భాషలోనే మాట వినపడాలి. గోర్‌బోలీలో, ఎరుకల భాషలో, యానాది అవ్వలకు అర్థమయ్యే యాసలో ఆ ఆరు దశలను చెప్పి రికార్డు చేసి పంపండి. మన ఇండ్లల్లోని ఆడవాళ్ళ గొంతుతోనే చేయించండి.

పిన్నమ్మ ఇంకా రాలేదు. ఈరోజు పదకొండో రోజు. నా ఫోనులో లెక్క నడుస్తా ఉంది.

జై సేవాలాల్! జై భీమ్! ఆదివాసీ ఐక్యత వర్ధిల్లాలి!